హిప్నోథెరపీకి వెళ్లే ముందు

పోయిన నెల ఈ శీర్షికలో కడుపు బాధలకూ మనసులోని ఆందోళనకూ ఉన్న సంబంధం గురించి రాస్తూ హిప్నోథెరపీని, అంటే హిప్నాసిస్ అనే ధ్యాస లోపలికి మళ్లిన స్థితిలో మాటలతో సూచనలిచ్చి చేసే చికిత్సను, ఒక్క వాక్యంలో ప్రస్తావించాను. అసలు విషయం కన్నా ఆ ఒక్క వాక్యానికే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. ఒకే రకమైన సందేహాలను కలిపి, ఎవరి పేర్లూ లేకుండా, ఈ సంచిక మొత్తాన్నీ వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నాకు 41 ఏళ్లు, బ్యాంకులో ఉద్యోగం. కొన్నేళ్లుగా కడుపు ఉబ్బరం, నొప్పి, పొద్దున్నే ఆఫీసుకు బయలుదేరే వేళకు మూడు నాలుగు సార్లు విరేచనానికి పరుగెత్తడం నన్ను వేధిస్తున్నాయి. ఎండోస్కోపీ, కొలనోస్కోపీ నార్మల్ అన్నారు. ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) అని తేల్చి మందులు మార్చి మార్చి ఇచ్చారు. ఇప్పుడు ఆ గ్యాస్ట్రో డాక్టరు గారే హిప్నోథెరపీ ప్రయత్నించి చూడమంటున్నారు. అంటే నాది ఉత్త భ్రమ అని వారి ఉద్దేశమా? అక్కడ అసలు ఏం చేస్తారు? (ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: వారి మాటలో మీ బాధ అబద్ధమన్న అర్థం లేదు. ఐబీఎస్‌లో పేగుల నిర్మాణం బాగానే ఉంటుంది కాబట్టి కొలనోస్కోపీ నార్మల్‌గానే వస్తుంది. చిక్కంతా పేగులకూ మెదడుకూ మధ్య అనుక్షణం నడిచే సమాచారంలో ఉంటుంది. ఇతరులకు తెలియనే తెలియని పేగు కదలిక, కొద్దిపాటి గ్యాసు కూడా ఈ జబ్బున్నవారికి నొప్పిగా తెలుస్తాయి. ఆ నొప్పి మళ్లీ వస్తుందేమోనన్న బెంగ పేగుల కదలికను ఇంకా అస్తవ్యస్తం చేస్తుంది. పరీక్ష రోజు పొద్దున పిల్లలు ఎన్నిసార్లు బాత్‌రూముకు వెళ్తారో చూసిన తల్లిదండ్రులకు ఈ సంబంధం కొత్త కాదు.

ఈ సమాచార మార్గం మీదనే పని చేసే హిప్నోథెరపీ ఒకటి ఉంది. ఇంగ్లండులోని మాంచెస్టరులో పీటర్ వోర్‌వెల్ అనే జీర్ణకోశ వైద్యుడి బృందం, మందులకు లొంగని తీవ్రమైన ఐబీఎస్ ఉన్న 30 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు హిప్నోథెరపీనీ, రెండో జట్టుకు మాటలతో చేసే మానసిక చికిత్సతో పాటు మందులేని ఉత్తుత్తి మాత్రలనూ ఇచ్చి పోల్చింది. 1984లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఆ ఫలితాలలో హిప్నోథెరపీ తీసుకున్నవారే స్పష్టంగా తేరుకున్నారు. ముప్పై మంది చాలా తక్కువే, అయితే అది ఆ ఒక్క అధ్యయనంతో ఆగలేదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2008లో, 12 నెలలు మందులు వాడినా గుణం కనిపించని ఐబీఎస్ రోగుల విషయంలో ఆలోచించదగిన మానసిక చికిత్సలలో దీనిని కూడా చేర్చింది. మీ డాక్టరు గారు చెప్పింది ఈ దారిలోని మాటే.

ఇక అక్కడ ఏం జరుగుతుందంటే, మొదటి రోజున మిమ్మల్ని కళ్లు మూసుకోమనకపోవచ్చు కూడా. జబ్బు ఎప్పుడు మొదలైంది, ఏ వేళకు పెరుగుతుంది, ఏం తింటారు, ఎలా నిద్రపోతారు, ఇంతకు ముందు ఏ మందులు వాడారు, ఇంట్లో ఎవరికైనా మానసిక జబ్బులున్నాయా అన్న ప్రశ్నలతోనే గంట గడుస్తుంది. ఆ ప్రశ్నలేవీ అడగకుండా నేరుగా కుర్చీలో పడుకోబెట్టే చోటు నుంచి లేచి వచ్చేయడం మంచిది. తరువాతి సెషన్ నుంచి మీరు వెనక్కి వాలి కూర్చుంటారు. ఎదుట గోడ మీద ఒక చోట చూపు నిలపమనో, ఊపిరి మీద ధ్యాస పెట్టమనో చెబుతారు. రెప్పలు బరువెక్కి మూసుకున్నాక పాదాల నుంచి నుదుటి దాకా ఒక్కొక్క భాగాన్నీ వదులు చేయమంటూ, అంకెలు లెక్కపెడుతూ మీ ధ్యాసను లోపలికి మళ్లిస్తారు. అప్పుడు అరచేతిని పొట్ట మీద ఉంచమని, ఆ చేతి వెచ్చదనం లోపలికి ఇంకుతోందని, పేగులు ఒడిదుడుకులు లేని కాలువలా నింపాదిగా సాగుతున్నాయని, పొద్దున ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు కూడా ఈ నిమ్మళం తోడుంటుందని నెమ్మదిగా, మళ్లీ మళ్లీ చెబుతారు. చివరికి లెక్క వెనక్కి పెట్టి కళ్లు తెరిపిస్తారు. చికిత్స అంటే ఇంతే.

ఇంతసేపూ మీరు నిద్రపోరు. పైన ఫ్యాను చప్పుడూ, పక్కింటి కుక్కరు విజిలూ మీకు వినిపిస్తూనే ఉంటాయి, కాకపోతే వాటిని పట్టించుకోవాలనిపించదు. తీరా లేచాక చాలామంది “నాకేమీ కాలేదండీ, ఊరికే కళ్లు మూసుకుని విన్నాను” అని నిరాశగా అంటారు. అలా అనిపించడం మామూలే. మొదటి రోజునే ఏదో అద్భుతం జరగాలని ఎదురుచూసేవారే మధ్యలో మానేస్తుంటారు. సాధారణంగా ఏడు నుంచి పన్నెండు సెషన్లు, సుమారు మూడు నెలల్లో ఉంటాయి. వాటి మధ్య రోజూ ఇంట్లో వినడానికి రికార్డింగు ఇస్తారు, అది విననివారికి ఫలితం తగ్గుతుంది. అందరికీ గుణం కనిపించదన్నది కూడా ముందే తెలిసి ఉండాలి. మలంలో రక్తం పడడం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, నిద్రలోంచి లేపే విరేచనాలు వీటిలో ఏది కొత్తగా మొదలైనా హిప్నోథెరపీని పక్కన పెట్టి ముందు మీ గ్యాస్ట్రో డాక్టరు గారి దగ్గరికే వెళ్లండి.

ప్రశ్న: నాకు పార్శ్వపు నొప్పి ఉంది. హిప్నోథెరపీకి వెళ్తానంటే మా వారు ససేమిరా అంటున్నారు. స్పృహ లేని స్థితిలో ఇంటి గుట్టంతా చెప్పేస్తానని, వాళ్లు ఏం చేయమంటే అది చేస్తానని, ఒక్కోసారి మళ్లీ మెలకువ రాదని ఆయన భయం. స్టేజి మీద మనుషులు పచ్చి ఉల్లిపాయను యాపిల్ అనుకుని తినడం మేమిద్దరం చూశాం. అది నటనా, నిజమా? (ఒక గృహిణి, నిజామాబాద్)

జవాబు: మీ వారి భయంలో కొంత పాత చరిత్ర ఉంది, కొంత సినిమా ఉంది, కొంచెం నిజం కూడా ఉంది.

చరిత్ర సంగతి ముందు చెబుతాను. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రాంజ్ మెస్మర్ అనే వైద్యుడు తన శరీరం నుంచి ఏదో అయస్కాంత ద్రవం రోగిలోకి ప్రవహించి జబ్బు నయం చేస్తుందన్నాడు. 1784లో ఫ్రాన్సు రాజు నియమించిన సంఘం, అందులో బెంజమిన్ ఫ్రాంక్లిన్, లావోయిజియర్ వంటి శాస్త్రవేత్తలు ఉన్నారు, పరీక్షించి అలాంటి ద్రవమేదీ లేదని, కనిపించిన ఫలితాలు రోగి ఊహాశక్తి వల్లనే వచ్చాయని తేల్చింది. మెస్మర్ పరువు పోయింది గాని, ఊహకు శరీరం మీద అంత పట్టు ఎలా వచ్చిందన్న ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. మన దేశంలోనే, బెంగాల్‌లోని హుగ్లీలో, 1845లో జేమ్స్ ఎస్డేల్ అనే స్కాట్లాండ్ సర్జన్ మత్తుమందులు రాని ఆ రోజుల్లో మెస్మర్ పద్ధతితోనే రోగులను నొప్పి తెలియని స్థితిలోకి తీసుకెళ్లి శస్త్రచికిత్సలు చేశాడు. ఆయన తొలగించిన కణితులలో చాలావరకు బోదవ్యాధి వల్ల పెరిగినవే. ఆ మరుసటి ఏడాది బోస్టన్‌లో ఈథర్ అనే మత్తుమందు ప్రదర్శన జరిగింది, తరువాత క్లోరోఫాం వచ్చింది, ఎవరికైనా నిమిషాల్లో పని చేసే మందు దొరికాక ఈ పద్ధతి మూలపడింది. అప్పటి నుంచి దీనికి వైద్యంలో కన్నా వేదికల మీదే ఎక్కువ ప్రచారం వచ్చింది. తెలుగునాట కూడా హిప్నాటిజం అనగానే చాలామందికి ముందు గుర్తుకొచ్చేది బి.వి. పట్టాభిరామ్ గారి పేరు, ఆ వేదికలు.

వేదిక మీద జరిగేది పూర్తిగా నటన కాదు, పూర్తిగా వశీకరణమూ కాదు. ఉల్లిపాయ చేతికిచ్చే ముందు ఏం జరుగుతుందో గమనించండి. ప్రేక్షకులందరినీ చేతులు కలిపి వేళ్లు బిగించమని, అవి విడివడవని చెప్పి, ఎవరి చేతులు నిజంగా బిగుసుకుపోయాయో వారినే పైకి పిలుస్తారు. సూచనలకు స్పందించే గుణం మనుషులందరిలో ఒకేలా ఉండదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1959లో తయారైన కొలమానం దగ్గర నుంచి జరిగిన పరీక్షలను బట్టి చూస్తే, నూటికి పది పదిహేను మంది చాలా ఎక్కువగా, దాదాపు అంతే మంది చాలా తక్కువగా స్పందిస్తారు, మిగిలినవారంతా మధ్యలో ఉంటారు. ఈ గుణం పాతికేళ్ల తరువాత కొలిచినా పెద్దగా మారదు. బలహీనమైన మనసున్నవారే లొంగుతారన్న మాట తప్పు; కథ చదువుతూ కూర్చుంటే పిలిచినా పలకనంతగా లీనమయ్యేవారిలో ఇది తరచుగా కనిపిస్తుంది. అలాంటివారిని ఏరి, వందల మంది చూస్తుండగా, సరదాకు సిద్ధపడి పైకొచ్చినవారికి ఉల్లిపాయ ఇస్తే వారు తినడంలో వింత లేదు.

నొప్పి విషయంలో నటన కాదనడానికి మెదడు స్కానులే సాక్ష్యం. 1997లో మాంట్రియల్ పరిశోధకులు, చేతిని చురుక్కుమనే వేడి నీళ్లలో పెట్టించి, ఆ బాధ ఎక్కువగా ఉందనో తక్కువగా ఉందనో హిప్నాసిస్‌లో సూచించారు. నీళ్ల వేడి మారలేదు. అయినా నొప్పిలోని బాధను నమోదు చేసే మెదడు భాగంలో చురుకుదనం ఆ సూచనకు తగ్గట్టే మారింది. పైకి “నొప్పి లేదు” అనడం నేర్చుకున్నవారి మెదడులో ఇలా జరగదు. పార్శ్వపు నొప్పికి ఇది మందులకు తోడుగా ఉపయోగపడవచ్చు, మందులకు బదులుగా కాదు.

ఇక గుట్టు బయటపడడం. మీరు చెప్పదలచుకోనిది మీరు దాచుకోగలరు, అబద్ధమైనా చెప్పగలరు. వార్తల్లో వచ్చే నార్కో పరీక్షతో దీనిని కలిపేసుకుంటున్నారు. అక్కడ ఇచ్చేది మత్తు ఇంజెక్షను, దానిని కూడా ఎవరికీ బలవంతంగా చేయరాదని 2010లో సుప్రీంకోర్టు సెల్వి కేసులో తీర్పు చెప్పింది. మెలకువ రాకపోవడమన్నదీ లేదు. చెప్పేవారు మధ్యలో ఆపేసి వెళ్లిపోయినా మీరు కాసేపటికి కళ్లు తెరుస్తారు, లేదా మామూలు నిద్రలోకి జారి లేస్తారు. కొందరికి కాసేపు తలనొప్పి, తల తిరగడం, మగత ఉండవచ్చు.

నిజం ఎక్కడ ఉందంటే, కళ్లు మూసుకుని మరొకరిని నమ్మి కూర్చున్న మనిషి నమ్మకాన్ని దుర్వినియోగం చేసే దుర్మార్గులు ఏ వృత్తిలోనైనా ఉండవచ్చు. కాబట్టి మీ వారిని గదిలోనే కూర్చోనివ్వమని, లేదా ఒక మహిళా సహాయకురాలు ఉండాలని అడగండి. అడిగినందుకు విసుక్కునేవారి దగ్గర చికిత్స వద్దు.

ప్రశ్న: చిన్నప్పటి నుంచి నీళ్లంటే భయం. ఒక సెంటరులో పూర్వజన్మలోకి తీసుకెళ్తామన్నారు. గోదావరి లాంటి నదిలో పడవ బోల్తా పడి నేను మునిగిపోవడం కళ్లకు కట్టినట్టు కనిపించింది, ఏడ్చేశాను. ఇంకా కొన్ని జన్మలు చూడాలంటూ పెద్ద ప్యాకేజీ చెబుతున్నారు. తీసుకోనా? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హైదరాబాద్)

జవాబు: తీసుకోవద్దు. పునర్జన్మ మీద మీ విశ్వాసం మీ ఇష్టం, దానితో నాకు పేచీ లేదు. నేను చెప్పేది ఆ కుర్చీలో కనిపించిన దృశ్యం గురించి మాత్రమే. జ్ఞాపకం ఎక్కడో భద్రంగా దాచిన వీడియో కాదు. తలచుకున్న ప్రతిసారీ మనసు దానిని కొత్తగా కూర్చుకుంటుంది. హిప్నాసిస్‌లో ఆ కూర్పు ఇంకా సులువవుతుంది, వివరాలు ఇంకా పెరుగుతాయి, అన్నిటికన్నా ముఖ్యంగా అవి నిజమన్న ధీమా పెరుగుతుంది. ధీమా పెరిగినంతగా నిజం పెరగదని పరిశోధనలు పదేపదే చూపించాయి, అందుకే అమెరికాలో చాలా రాష్ట్రాల న్యాయస్థానాలు హిప్నాసిస్ తరువాత గుర్తుకొచ్చిందంటూ చెప్పే సాక్ష్యానికి హద్దులు పెట్టాయి. నీళ్ల భయంతో వచ్చిన మనిషిని “ఇంకా వెనక్కి వెళ్లండి, ఏం కనిపిస్తోంది” అని అడిగితే పడవ బోల్తా కాక ఇంకేం కనిపిస్తుంది? మీరు ఏడ్చింది నిజమే, అయితే సినిమా చూసి కార్చే కన్నీళ్లూ నిజమైనవే.

పూర్వజన్మ అయితే డబ్బుతో పోతుంది. ఇదే పద్ధతిలో ఈ జన్మలోని బాల్యంలోకి తీసుకెళ్లి, జరగని అఘాయిత్యాన్ని జరిగినట్టుగా నమ్మించిన సందర్భాలలో కుటుంబాలే విడిపోయాయి. 1980లు, 90లలో అమెరికాలో ఇలా “తవ్వి తీసిన” జ్ఞాపకాల చుట్టూ ఎన్నో కేసులు నడిచాయి. మీ భయానికి అనుభవం ఉన్న క్లినికల్ సైకాలజిస్టు చేసే చికిత్స చాలా సాదాగా ఉంటుంది: బకెట్టు నీళ్లతో మొదలుపెట్టి మోకాలి లోతు దాకా, నడుము లోతు దాకా మెట్టుమెట్టుగా నీళ్లకు అలవాటు చేయిస్తారు. శరీరాన్ని నిమ్మళంగా ఉంచుకోవడానికి ఆ మెట్ల మధ్య హిప్నాసిస్ వాడవచ్చు. ఏ జన్మలో మునిగారన్న సంగతి దానికి అక్కర్లేదు.

ప్రశ్న: మా అబ్బాయికి 24 ఏళ్లు. స్కిజోఫ్రెనియా అని మాత్రలు వాడుతున్నాం. వాటివల్ల బరువు పెరిగాడు, మగతగా ఉంటాడు. మాత్రలు లేకుండా హిప్నోథెరపీతో పూర్తిగా నయం చేస్తామని ఒకరు హామీ ఇస్తున్నారు. (విశ్రాంత ఉపాధ్యాయుడు, కర్నూలు)

జవాబు: మాస్టారూ, దయచేసి మాత్రలు ఆపకండి. లేని మాటలు వినిపించడం, లేని కుట్రలు కనిపించడం ఆ జబ్బు లక్షణాలు; ఊహకూ వాస్తవానికీ మధ్య గీత ఇప్పటికే చెరిగిన మనసుకు ఊహను బలపరిచే పద్ధతి మేలు చేయదు, జబ్బును రెచ్చగొట్టవచ్చు. బైపోలార్ జబ్బులో ఉన్మాద దశలో ఉన్నవారికీ ఇదే వర్తిస్తుంది. మూర్ఛ జబ్బు ఉన్నవారు న్యూరాలజిస్టును అడగకుండా వెళ్లకూడదు. బరువు, మగత గురించి మీ సైకియాట్రిస్టుకు చెప్పండి, మోతాదు తగ్గించడమో మందు మార్చడమో చేస్తారు. మీ డాక్టరు వెంటనే దొరకకపోతే మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే టెలిమానస్ సహాయ నంబరు 14416కు ఏ వేళకైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. హామీ ఇచ్చిన మనిషికి మాత్రం మళ్లీ ఫోన్ చేయకండి.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. గుంటూరులో ఉన్న మా అమ్మకు 51 ఏళ్లు, నెలసరి ఆగిపోయింది. వేడి ఆవిర్లు, రాత్రిళ్లు చెమటలతో నిద్ర ఉండడం లేదు. గతంలో రొమ్ము క్యాన్సరు వచ్చింది కాబట్టి హార్మోన్లు వద్దన్నారు. ఇక్కడ హిప్నోథెరపీ గురించి విన్నాను, దానికి ఆధారం ఉందా?

జవాబు: ఉంది, అదీ మీ రాష్ట్రంలోనే. టెక్సాస్‌లోని బేలర్ విశ్వవిద్యాలయంలో గ్యారీ ఎల్కిన్స్ బృందం నెలసరి ఆగిన 187 మంది మీద చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, హిప్నాసిస్ తీసుకున్నవారికి వేడి ఆవిర్లు పన్నెండు వారాలకు సగటున 74 శాతం తగ్గాయి, పోల్చి చూసిన జట్టులో 17 శాతం తగ్గాయి. హార్మోన్లు వాడనివారికి పనికొచ్చే పద్ధతులలో ఉత్తర అమెరికా మెనోపాజ్ సొసైటీ 2023లో దీనిని సిఫారసు చేసింది. ఇందులో ఇచ్చే సూచనలు ఎక్కువగా చల్లదనానికి సంబంధించినవే. ఇక్కడ ఒక మాట చెప్పాలి. డాలస్ నుంచి రికార్డింగు పంపితే అందులో మంచు కొండలూ దేవదారు అడవులూ ఉంటాయి, ఇంగ్లీషులో ఉంటాయి. మీ అమ్మగారికి ఆ చల్లదనం వేసవి రాత్రి డాబా మీద నీళ్లు చల్లి పక్క వేసుకున్నప్పటిదై ఉండవచ్చు. సూచన ఆమె భాషలో, ఆమె ఎరిగిన చల్లదనంతో ఉండాలి. తెలుగులో చేసే క్లినికల్ సైకాలజిస్టును, వీడియోలోనైనా సరే, వెతకండి. ఆమె క్యాన్సరు డాక్టరు గారికి ముందుగా చెప్పండి.

ప్రశ్న: ఒక్క సెషన్‌లో సిగరెట్టు మానిపిస్తామన్న బోర్డు చూశాను. నమ్మవచ్చా? (విశాఖపట్నం)

జవాబు: నమ్మనక్కర్లేదు. అందుబాటులో ఉన్న అధ్యయనాలన్నీ పరిశీలించిన కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ సమీక్ష 2019లో, ఇతర పద్ధతులకన్నా హిప్నోథెరపీ మెరుగని చెప్పడానికి తగిన ఆధారం లేదన్నది. నికోటిన్ గమ్, డాక్టరు రాసే మందులు, కౌన్సెలింగ్ వీటికి అంతకన్నా బలమైన ఆధారాలున్నాయి. జాతీయ పొగాకు క్విట్‌లైన్ 1800 112 356 ఉచితం. బరువు తగ్గిస్తామనే బోర్డులకూ ఇదే జవాబు.

ప్రశ్న: ఎవరి దగ్గరికి వెళ్లాలి? గోడ మీద సర్టిఫికెట్లు చాలానే కనిపిస్తున్నాయి. (ఖమ్మం, తిరుపతి, మరికొందరు)

జవాబు: వారాంతపు శిక్షణకు వెళ్లి వచ్చినవారు కూడా సర్టిఫికెట్టు ఫ్రేము కట్టించుకోగలరు. కేంద్ర ఆరోగ్య శాఖ 2003లో ఇచ్చిన ఉత్తర్వు హిప్నోథెరపీని ఒక చికిత్సా పద్ధతిగా గుర్తించి, రిజిస్టరైన వైద్యులు గాని తగిన శిక్షణ ఉన్నవారు గాని చేయవచ్చన్నది. ఆ “తగిన శిక్షణ” అన్న చోటే బోర్డులన్నీ వెలిశాయి. నా సలహా ఒక్కటే: మీ జబ్బుకు హిప్నాసిస్ లేకుండా కూడా చికిత్స చేయగల అర్హత ఎవరికి ఉందో వారి దగ్గరికే వెళ్లండి. అంటే సైకియాట్రిస్టు, లేదా రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టరైన క్లినికల్ సైకాలజిస్టు, నొప్పుల విషయంలో ఆ విభాగపు వైద్యుడు. రిజిస్ట్రేషన్ నంబరు అడగడానికి మొహమాటపడకండి. ఎన్ని సెషన్లు పడతాయి, గుణం కనిపించకపోతే ఎప్పుడు ఆపేస్తారు అన్నవి మొదటి రోజే అడగండి. నూటికి నూరు పాళ్లు గ్యారంటీ అన్నవారికీ, మొత్తం ఫీజు ముందే కట్టమన్నవారికీ నమస్కారం పెట్టి వచ్చేయండి.

ప్రశ్న: యూట్యూబ్‌లో హిప్నాసిస్ ఆడియోలు రోజూ వింటున్నాను. ప్రమాదమా? (డిగ్రీ విద్యార్థి, మహబూబ్‌నగర్)

జవాబు: నిద్ర పట్టడానికో, పరీక్షల ముందు మనసు కుదుట పడడానికో వినేవాటితో ఆరోగ్యవంతులకు పెద్ద ప్రమాదం లేదు. పాత గాయాల్లోకి, గతంలోకి తీసుకెళ్తామనేవి మాత్రం ఒంటరిగా వినవద్దు. విన్నాక దిగులు పెరుగుతుంటే ఆపేసి ఎవరికైనా చూపించుకోండి. బండి నడుపుతూ మాత్రం, ఇయర్‌ఫోన్ ఒక్క చెవికే పెట్టుకున్నా సరే, వీటిని వినవద్దు.